డబ్బు మాది, కుర్చీ వాళ్ళది



నామినేషను అనే మాట నేను మొదట విన్నది ఎన్నికలప్పుడు కాదు, మా నాయన పీఎఫ్ కాగితం మీద. ఫారం 2. అప్పటికి నేను హైస్కూల్లో ఉన్నాను. మా పేటలో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. కాంట్రాక్టరు గుమాస్తా కాగితం ఇంటికి పంపితే నేనే నింపాను. నేను చచ్చిపోతే ఈ డబ్బు ఎవరికివ్వాలి అన్న చోట మా అమ్మ పేరు రాశాను. మా నాయన ఎడమచేతి బొటనవేలు సిరాలో ముంచి ముద్ర వేశాడు. వేసి, "నాను సచ్చిపోయాక ఎవులికియ్యాలో అడిగినాడు సరే, బతికున్నప్పుడు నాకేటి కావాలో అడిగీ గడి లేదేట్రా ఇందులో?" అన్నాడు. అందరం నవ్వేశాం.

మా నాయన ఇరవై ఏళ్ళకు పైగా ఒక పెద్ద కంపెనీ గేటు లోపల పనిచేశాడు. కంపెనీ మనిషిగా కాదు. గేటు అదే, పార అదే, దుమ్ము అదే. కాంట్రాక్టరు మాత్రం రెండేళ్ళకో మూడేళ్ళకో మారేవాడు. మారినప్పుడల్లా కొత్త పీఎఫ్ నంబరు. పాత నంబరు ఏమవుతుందని అడిగితే "తీసేసుకో, మళ్ళీ దొరకదు" అని గుమాస్తా చెప్పేవాడు. ఒకసారి మా అక్క పెళ్ళికి తీశాడు. ఒకసారి ఇంటి కప్పుకి. ఒకసారి అమ్మ ఆపరేషనుకి. 1995 నవంబరు 16 నుంచి అమలైన ఉద్యోగుల పెన్షన్ పథకంలో నెలనెలా పింఛను రావాలంటే 10 ఏళ్ళ సర్వీసు ఉండాలి. పెన్షన్ సొమ్ము కూడా వెనక్కి తీసేసుకుంటే ఆ సర్వీసు చెరిగిపోతుంది. ఈ సంగతి మా నాయనకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, నాకూ తెలీదు. బీఈడీ చేసి మాస్టారినయ్యాక ఒకరోజు కూర్చుని లెక్క కడితే, ఆయన ఒంటితో చేసిన సర్వీసు ఇరవైరెండేళ్ళు, కాగితం మీద మిగిలింది నాలుగేళ్ళు. నాలుగేళ్ళకి పింఛను లేదు. ఆయన పోయాక మా అమ్మకీ లేదు.

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే పత్రికకెక్కించేవాణ్ణి కాదు. విశాఖలో గాజువాక నుంచి కూర్మన్నపాలెం దాకా, మల్కాపురం నుంచి రేవు దాకా ఏ పేటలో తలుపు తట్టినా ఇలాంటి కాగితాలు ఒక ప్లాస్టిక్ సంచిలో మడతపెట్టి ఉంటాయి. నేను అడిగేది ఒకటే. సొమ్ము వెనక్కి తీసుకుంటే సర్వీసు చెరిగిపోయే రూలు రాసినప్పుడు, 10 ఏళ్ళ షరతు పెట్టినప్పుడు, ఆ బల్ల దగ్గర కార్మికుల తరఫున కూర్చున్నది ఎవరు? వాళ్ళని అక్కడికి పంపింది ఎవరు?

ఇక్కడే రెండో నామినేషను ఉంది. మా నాయన వేలిముద్ర వేసిన నామినేషను కాదు, ప్రభుత్వం వేసే నామినేషను.

1952 పీఎఫ్ చట్టం ప్రకారం మన సొమ్ము మీద పెత్తనం సెంట్రల్ బోర్డ్ ఆఫ్ ట్రస్టీస్‌ది. ఒక ఛైర్మన్, ఒక వైస్ ఛైర్మన్. కేంద్ర ప్రభుత్వం వాళ్ళు 5గురి దాకా, రాష్ట్రాల వాళ్ళు 15 మంది దాకా. యజమానుల ప్రతినిధులు 10 మంది. ఉద్యోగుల ప్రతినిధులు 10 మంది. పీఎఫ్ కమిషనర్. ఈ పది మంది ఉద్యోగుల ప్రతినిధులను ఉద్యోగులు ఎన్నుకోరు. కేంద్రం గుర్తించిన సంఘాలను సంప్రదించి కేంద్రమే నియమిస్తుంది. అంటే ఢిల్లీ నుంచి యూనియన్ ఆఫీసుకి ఉత్తరం వస్తుంది, యూనియన్ ఆఫీసు పేరు రాసి పంపుతుంది, గెజిట్‌లో అచ్చవుతుంది. కోట్ల మంది చందాదారులు, 20 లక్షల కోట్ల రూపాయలకు పైగా నిధి, దానికి పది పేర్లు. ఆ పది పేర్లు మనలో ఎవరికైనా తెలుసా? నేను మా స్కూలు స్టాఫ్‌రూములో అడిగాను. ఒక్కరికీ తెలీదు. మునిసిపాలిటీ వార్డు మెంబరు పేరు చెప్పగలం, మన చావు బతుకుల డబ్బుకి ట్రస్టీ పేరు చెప్పలేం.

ఏ సంఘానికి ఎన్ని కుర్చీలన్నది దేన్నిబట్టి? సభ్యత్వాన్ని తనిఖీ చేసి. ఆ తనిఖీ చివరిసారి పూర్తయింది 2002 డిసెంబరు 31 నాటి సభ్యత్వానికి. ఆరోజు ఒకటో తరగతిలో చేరిన పిల్లాడు ఈరోజు పెళ్ళి చేసుకుని, కాంట్రాక్టరు కింద పనిలో చేరి, ఆ పనీ పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. లెక్క మాత్రం 2002 దగ్గరే ఉంది.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. ఆ పది మందిలో మాలలు ఎందరు, మాదిగలు ఎందరు, రెల్లి వాళ్ళు ఎందరు, ఆదివాసులు ఎందరు? గెజిట్‌లో పేరుంటుంది, సంఘం ఉంటుంది, కులం ఉండదు. చట్టంలోనూ ఉండదు. పీఎఫ్ చట్టంలో షెడ్యూల్డ్ కులాల వాళ్ళు బోర్డులో ఉండి తీరాలన్న అక్షరం ఒక్కటి లేదు. 1948 ఈఎస్ఐ చట్టంలోనూ అంతే, అక్కడా యజమానులకు 10, ఉద్యోగులకు 10, మనకు మౌనం.

చట్టం రాసేవాళ్ళకి మన ఉనికి గుర్తులేక కాదు. ఎక్కడ గుర్తుకొస్తామో చూడండి. పాకీపనిని నిషేధించే 2013 చట్టంలో జిల్లా విజిలెన్స్ కమిటీ ఉంది. అందులో ఆ పనితో ముడిపడిన సమాజం నుంచి నలుగురు దాకా సంఘసేవకులు ఉండాలని, వాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు కావాలని రాశారు. అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన రూల్సులో జిల్లా కమిటీకి దళిత, ఆదివాసీ సభ్యులు ఉండాలని రాశారు. మంచిదే, పోరాడితేనే వచ్చాయి. కానీ ఈ వరస గమనించారా? మలం సంగతి మాట్లాడే కమిటీలో మనకి చోటు. మనల్ని కొట్టిన, చంపిన సంగతి మాట్లాడే కమిటీలో మనకి చోటు. డబ్బు సంగతి మాట్లాడే కమిటీ దగ్గరికి వచ్చేసరికి హఠాత్తుగా అందరూ 'కార్మికులు' అయిపోతారు. కులం మాయమైపోతుంది.

ఒక్క చోట మాత్రం మాట వరసకి రాశారు. 2008 అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టంలో జాతీయ బోర్డుకి 34 మందిని నామినేట్ చేయాలన్నారు. అందులో కార్మికులు 7, యజమానులు 7, పౌర సమాజం ప్రముఖులు 7, మిగతా ఎంపీలు, అధికారులు. దానికి కింద ఒక షరతు: ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ, మహిళలకు 'తగినంత' ప్రాతినిధ్యం ఇవ్వాలి. తగినంత అంటే ఎంత? అంకె లేదు. అంకె లేని హక్కు అంటే ఏమిటో మాకు తెలుసు. పెళ్ళి విందులో మా పేట బంతి ఎప్పుడూ ఆఖరు, మిగిలితే తగినంత పెట్టేవారు. పైగా ఆ బోర్డు చేతిలో డబ్బు లేదు, అది పథకాలు సిఫారసు చేసే సలహా బోర్డు. డబ్బున్న బోర్డులో మన మాట లేదు, మన మాట ఉన్న బోర్డులో డబ్బు లేదు.

ఇంతకీ ఈ బల్ల ఎవరు వేశారో మన కుర్రాళ్ళకి తెలియాలి. ప్రభుత్వం, యజమాని, కార్మికుడు ముగ్గురూ ఒకచోట కూర్చుని మాట్లాడాలన్న త్రైపాక్షిక సమావేశం ఈ దేశంలో 1942 ఆగస్టు 7న ఢిల్లీలో జరిగింది. దానికి అధ్యక్షత వహించింది అప్పటి వైస్రాయ్ కౌన్సిల్ లేబర్ మెంబరు. ఆయన పేరు బాబాసాహెబ్ అంబేద్కర్. పదవిలోకి వచ్చి నెల కూడా కాలేదు. కార్మికుల ఆరోగ్య బీమా మీద అదార్కర్ 1944లో రిపోర్టు ఇచ్చింది ఆయన శాఖకే. ఆ రిపోర్టు మీదే ఈఎస్ఐ లేచింది. ఆయన తర్వాత ఆ శాఖకి వచ్చినవాడు జగ్జీవన్ రామ్. 1948 ఈఎస్ఐ చట్టం, అదే ఏడు కనీస వేతనాల చట్టం, అదే ఏడు రేవు కార్మికుల చట్టం, 1951 నవంబరులో పీఎఫ్ ఆర్డినెన్సు, 1952లో పీఎఫ్ చట్టం, అన్నీ ఆయన మంత్రిగా ఉండగానే. 1965లో బోనస్ చట్టం వచ్చినప్పుడు కేంద్ర కార్మిక మంత్రి మన దామోదరం సంజీవయ్య, కర్నూలు జిల్లా పెద్దపాడు మాలపల్లి బిడ్డ. 1995లో నేను పైన చెప్పిన పెన్షన్ పథకం వచ్చినప్పుడు కార్మిక మంత్రి జి. వెంకటస్వామి.

చూశారా! ఈఎస్ఐ, పీఎఫ్, బోనస్, పింఛను. ఈ దేశంలో కార్మికుడికి జీతం కాక దక్కిన ఈ నాలుగింటి వెనకా దళిత మంత్రి సంతకం ఉంది. బల్ల చేసినవాళ్ళం మనమే, దాని చుట్టూ ఉన్న కుర్చీల మీద మాత్రం మన పేరు లేదు. మేడే నాడు మా ఊళ్ళో ఎర్రజెండాల కింద ఎన్నో ఫోటోలు పెడతారు. 1942 సమావేశానికి అధ్యక్షుడైన ఆయన ఫోటో అక్కడ నేను చాలా ఏళ్ళు వెతికాను. ఏప్రిల్ 14కి మాకిచ్చేశాం కదా అన్నట్టుగా ఉంటుంది వాళ్ళ వ్యవహారం.

"మీ మంత్రులే చేశారంటున్నారు, మరి మీకు అన్యాయమేముంది?" అని ఒక యూనియన్ పెద్దమనిషి నన్నడిగాడు. ఆయన ప్రశ్నకి జవాబు మా నాయన సర్వీసు లెక్కలోనే ఉంది. చట్టం మంత్రి తెస్తాడు. ఆ చట్టాన్ని ఏడాదికేడాది నడిపేది, వడ్డీ ఎంతో చెప్పేది, ఏ షరతు బిగించాలో ఏది సడలించాలో తేల్చేది బోర్డు. మంత్రి రెండేళ్ళకి మారతాడు, స్కీములోని పేరా మారదు. పేరా మీద కూర్చునేవాడే అసలు యజమాని.

దీనికి తాజా ఉదాహరణ చెప్తాను. 2025 అక్టోబరు 13న పీఎఫ్ బోర్డు సమావేశమైంది. ఉద్యోగం పోయినవాడు పీఎఫ్ మొత్తం తీసుకోవాలంటే అంతకుముందు 2 నెలలు ఆగితే చాలు, దాన్ని 12 నెలలు చేశారు. పెన్షన్ సొమ్ము తీసుకోవడానికి ఉన్న 2 నెలల గడువుని 36 నెలలు చేశారు. ఖాతాలో 25 శాతం ఎప్పుడూ ఉంచాలన్నారు, మిగతా 75 శాతం వెంటనే తీసుకోవచ్చన్నారు. ఎందుకయ్యా అంటే, జనం తొందరపడి తీసేసుకుని పింఛను పోగొట్టుకుంటున్నారు, వాళ్ళ మంచికే అన్నారు.

ఈ నిర్ణయం తప్పని నేను గుడ్డిగా అనను. అలాంటి రూలు మా నాయన కాలంలో ఉంటే ఆయన సర్వీసు తెగేది కాదేమో, మా అమ్మకి ఇవాళ నెలకి ఎంతో కొంత వచ్చేదేమో. కానీ అదే రూలు ఉంటే అమ్మ ఆపరేషనుకి డబ్బు తక్కువయ్యేది, అమ్మే ఉండేది కాదేమో. మా పేటలో గేటు పాస్ పోగొట్టుకున్న ఒక అక్కకి ఈ సంగతి చదివి వినిపించాను. "మాస్టారూ, నా డబ్బు నాకియ్యడానికి ముప్పయ్యారు నెల్లేటి? ఆ మూడేళ్ళూ బియ్యం ఆళ్ళు పోస్తారేటి? ఎవులడిగినారు మమ్మల్ని?" అంది. పక్కనే ఉన్న ముసలాయన, "పోన్లేవే, తీసేసుకుని నాను సుకపడ్డానేటి?" అన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఈ ఇద్దరి మాటా ఆ గదిలో వినపడాలి కదా! నెలనెలా జీతం పడేవాడికి, సొంత ఫ్లాటు ఉన్నవాడికి 25 శాతం అన్నది ఒక అంకె. గేటు పాస్ పోయినవాడికి అది రెండు నెలల అద్దె. అంకె ఒకటే, కడుపు వేరు.

ఇక మన ఊరి సంగతి. ఈ ఊళ్ళో కార్మిక బోర్డుల చరిత్ర ఈనాటిది కాదు. 1933లో రేవు తెరిచారు. 1948 రేవు కార్మికుల చట్టం కింద విశాఖకి 1959లో స్కీము వచ్చింది, డాక్ లేబర్ బోర్డు నడిచింది. అందులో ప్రభుత్వం, కార్మికులు, యజమానులు సమాన సంఖ్య. అంతకుముందు కళాసీ బతుకేమిటి? తెల్లారి గేటు దగ్గర నిలబడటం, మేస్త్రీ వేలు చూపిస్తే పని, లేకపోతే ఇంటికి. బోర్డు వచ్చాక పేరు రిజిస్టర్లో ఎక్కినవాడికి పని లేని రోజు కూడా హాజరు డబ్బు, పీఎఫ్, గ్రాట్యుటీ. నేను బోర్డుల్ని ఊరికే తిట్టడం లేదు. బోర్డు మనిషిని నిలబెట్టగలదు, ఈ ఊరే సాక్ష్యం. కానీ రిజిస్టర్లో పేరు ఎక్కాలంటే ఎవరో ఒకరు నీ పేరు చెప్పాలి. ఆ చెప్పేవాడు మన వీధి వాడు కానప్పుడు మన పేరు ఆఖర్న వస్తుంది. ఆ బోర్డు తర్వాత పోర్టులోనే కలిసిపోయింది. 2021 మేజర్ పోర్టుల చట్టం కింద ఇప్పుడున్న పోర్టు బోర్డులో ఉద్యోగుల ప్రయోజనాల కోసం ఇద్దరు సభ్యులున్నారు. ఉద్యోగి అంటే పోర్టు జీతం తీసుకునేవాడు. ప్రైవేటు బెర్తులో బొగ్గు దుమ్ము పీల్చే కాంట్రాక్టు కుర్రాడు ఆ ఇద్దరిలో ఎవరికీ చుట్టం కాదు.

ఉక్కు సంగతి అందరికీ తెలిసిందే. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న శంకుస్థాపన. 2021 జనవరి 27న అమ్మేస్తామన్నారు. ఆ ఏడాది నుంచి కూర్మన్నపాలెం శిబిరంలో అన్ని జెండాలూ కలిసి కూర్చున్నాయి. నేనూ సెలవు రోజుల్లో వెళ్ళి కూర్చున్నాను, ఆ పోరాటం మనది కాదని ఎవరైనా అంటే ఒప్పుకోను. కానీ 2024, 2025లో కాంట్రాక్టు కార్మికుల గేటు పాసుల గొడవ వచ్చినప్పుడు ఒక తేడా కళ్ళకు కట్టింది. పర్మినెంటు వాడికి జీతం ఆలస్యమైతే అది వార్త. కాంట్రాక్టు వాడికి పనే పోతే అది 'సమస్య పరిశీలనలో ఉంది'. వాడి తరఫున మాట్లాడినవాళ్ళు లేరని కాదు, వాడు మాట్లాడటానికి కుర్చీ లేదంటున్నాను.

"కార్మికుడికి కులమేమిటండీ మాస్టారూ, మీరు ఐక్యత చెడగొడుతున్నారు" అని నాకు చాలాసార్లు పాఠం చెప్పారు. నేను పాఠాలు చెప్పి బతికేవాణ్ణి, వింటాను. కానీ ప్రశ్న అడిగే అలవాటు కూడా ఉంది. కోక్ ఓవెన్ల మీద వేడిలో ఊడ్చేది ఎవరు? మ్యాన్‌హోల్లోకి దిగేది ఎవరు? కార్పొరేషన్ చెత్తబండి వెనకాల రెల్లి వీధి మనిషి కాక ఇంకెవరైనా కనపడ్డారా? పనిని కులం చూసి పంచినప్పుడు చెడని ఐక్యత, కుర్చీని కులం చూసి పంచమంటే ఎలా చెడుతుంది?

రెండో పాఠం, అనుభవం కావాలని. చట్టం తెలియాలి, ఇంగ్లీషు రావాలి, బ్యాలెన్స్ షీటు చదవాలి. 2008 చట్టం కూడా సభ్యులు కార్మిక సంక్షేమం, మేనేజ్‌మెంటు, ఆర్థికం, న్యాయం, పరిపాలనలో ప్రముఖులై ఉండాలంది. మా అమ్మ మర్రిపాలెం పీఎఫ్ ఆఫీసుకి ఎన్నిసార్లు వెళ్ళిందో, ఏ కిటికీ దగ్గర ఏ కాగితం లేదంటారో, ఆధార్‌లో పేరు ఒకలా పీఎఫ్‌లో ఒకలా ఉంటే ఎన్ని నెలలు తిప్పుతారో ఆమెకి తెలిసినంత ఏ ప్రముఖుడికి తెలుసు? 2014లో యూఏఎన్ నంబరు వచ్చింది, కాంట్రాక్టరు మారినా నంబరు మారదన్నారు. మంచి పనే. కానీ ఆ పని జరగడానికి 1952 నుంచి 2014 దాకా పట్టింది. పార పట్టుకున్నవాణ్ణి ఒక్కణ్ణి కూర్చోబెడితే మొదటి మీటింగులోనే అడిగేవాడు, నా నంబరు ఎందుకు మారుస్తున్నారని. కనీస పింఛను 2014 నుంచి నెలకి 1000 రూపాయలు. ఆ వెయ్యితో బతికే ముసలిదాన్ని ఒక్కర్తెని ఆ గదిలో కూర్చోబెట్టి ఉంటే, ఇన్నేళ్ళూ అది వెయ్యి దగ్గరే ఆగేదా?

ఇంతవరకు బయటివాళ్ళని అన్నాను. ఇప్పుడు మనవాళ్ళని అంటాను, కోపం తెచ్చుకున్నా సరే. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగ సంఘాల అన్నలారా, ఈ డిమాండు మీదాకా వస్తే మీరేం చేస్తారో నాకు భయంగా ఉంది. ఒక కుర్చీ ఇస్తామంటే వెంటనే ఒక రిటైర్డు ఆఫీసరుగారు, సూటు వేసుకుని, అంబేద్కర్ ఫోటో పట్టుకుని తయారవుతారు. నన్నూ కలిపే అంటున్నాను. నేను 2004 సెప్టెంబరు తర్వాత చేరిన టీచర్ని, సీపీఎస్ వాణ్ణి, నెలనెలా 10 శాతం కోత పడుతుంది, నా గోడు నాకుంది. మా టీచర్ల సంఘంలో ప్రభుత్వంతో చర్చలకి ఎవరు వెళ్ళాలన్న మాట వచ్చినప్పుడు సీనియారిటీ అన్నారు, వాగ్ధాటి అన్నారు, ఆఖరికి ఎప్పుడూ వెళ్ళే ఇంటిపేర్లే వెళ్ళాయి. ఆ మంట నాకు తెలుసు. అందుకనే చెప్తున్నాను, పీఎఫ్ బోర్డులో దళితుడి కుర్చీ నాది కాదు. నాకు ట్రెజరీ ఉంది. అది గేటు పాస్ మీద బతికేవాడి కుర్చీ.

ఇంకో మాట. మన రాష్ట్రంలో 2025లో ఎస్సీ వర్గీకరణ వచ్చింది. రెల్లి ఉపకులాలకి 1 శాతం, మాదిగ ఉపకులాలకి 6.5, మాల ఉపకులాలకి 7.5. దాన్ని పది కుర్చీల మీద పెట్టి చూడండి. రెల్లి వాళ్ళ వాటా కుర్చీలో పదోవంతు, ఒక కాలు కూడా రాదు! విశాఖ ఊడ్చేది వాళ్ళు. మాల మాదిగ నాయకులం మన వాటా గురించి కొట్టుకుని, రెల్లి అక్కని మళ్ళీ చీపురు దగ్గరే వదిలేస్తే మనకీ వాళ్ళకీ తేడా లేదు. అందుకని మొదటి కుర్చీ ఆమెదే కావాలని నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్ళు ఈ పత్రికకే రాయండి.

ఇది ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, 2020లో చేసిన సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. పీఎఫ్, ఈఎస్ఐ, భవన నిర్మాణ కార్మికులు, అసంఘటిత కార్మికులు అందరూ ఒకే కోడ్ కిందికి వచ్చారు. దాని కింద కేంద్రంలో, రాష్ట్రాల్లో బోర్డులు వేయాలి. పీఎఫ్ బోర్డులో మళ్ళీ అదే 10, 10. భవన నిర్మాణ కార్మికుల బోర్డులో కనీసం ఒక స్త్రీ ఉండాలన్నారు, కనీసం ఒక దళితుడు అనలేదు. అసంఘటిత కార్మికుల బోర్డుకి మళ్ళీ ఆ 'తగినంత'. ఉత్తరాలు ఢిల్లీ నుంచి, అమరావతి నుంచి యూనియన్ ఆఫీసులకి వెళ్తాయి. పేర్లు రాసి పంపేది అక్కడే. గెజిట్‌లో అచ్చయ్యాక అరిచి లాభం లేదు.

మనం అడగాల్సింది పెద్ద చిక్కు విషయమేమీ కాదు. పేర్లు పంపే ముందు ఏ సంఘం ఎవరిని పంపుతోందో, ఆ మనిషి కులం, పని, కాంట్రాక్టా పర్మినెంటా, గేటు దగ్గర నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఎస్సీ 15 శాతం, ఎస్టీ 7.5 శాతం అంటే పదిలో రెండు కుర్చీల పైమాటే, మూడు అడుగుదాం. ఆ మూడూ కాంట్రాక్టు, పారిశుద్ధ్య కార్మికులవి కావాలి. యూఏఎన్ నంబరు ఉన్న ప్రతివాడి ఫోనుకీ చందా జమైందని మెసేజి పంపగలిగిన ఆఫీసు, అదే ఫోను మీద ఓటు ఎందుకు అడగలేదు? ఇంకోటి, ఇది చిన్నదిగా కనపడుతుంది గానీ అసలు కిటుకు ఇక్కడే ఉంది. మీటింగుకి ఢిల్లీ వెళ్ళిన కాంట్రాక్టు కార్మికుడికి ఆ రోజుల మస్టరు పడాలి, తిరిగొచ్చేసరికి గేటు పాస్ ఉండాలి. ఈ రెండూ రాతపూర్వకంగా లేకపోతే మనవాడు వెళ్ళడు. వెళ్ళినా నోరు విప్పడు.

మా పేటలో అంబేద్కర్ బొమ్మ దగ్గర రెండు ఆదివారాలు కూర్చున్నాం. మొదటివారం పదిహేను మంది వచ్చారు, రెండోవారం నలభైకి పైన. మూడు పేర్లు ఎంచాం. కార్పొరేషన్‌లో ఊడ్చే ఒక రెల్లి అక్క. ఉక్కు లోపల పదమూడేళ్ళు పనిచేసి గేటు పాస్ పోయిన ఒక తమ్ముడు. రేవులో లారీల మీద టార్పాలిన్లు కట్టే ఒక కుర్రాడు, ఇంటర్ దాకా చదివాడు. అక్క మొదట ఒప్పుకోలేదు. "నాకు కుర్సీలో కూకోడం రాదు మాస్టారూ" అంది. అందరూ బలవంతం చేశాక, "సరే, ఆ మీటింగు కాడ టీ ఎవులు పోస్తారు? ఆళ్ళకీ పీఎప్పుందో లేదో ముందు అదడుగుతాను" అంది. ఆ మూడు పేర్లూ, మేం అడిగేవి ఒక పేజీ, లేబరు కమిషనరుకి, కేంద్ర కార్మిక శాఖకి, అయిదు పెద్ద సంఘాల ఆఫీసులకి రిజిస్టరు పోస్టులో పంపాం. ఏడు రసీదులు నా దగ్గర ఉన్నాయి. ఎవరు జవాబిచ్చారో, ఎవరు ఇవ్వలేదో వచ్చే సంచికలో రాస్తాను. మీ పేటల్లో కూడా కూర్చుని పేర్లు ఎంచి, మీ రసీదుల నంబర్లు పంపండి, కలిపి అచ్చువేద్దాం.